పుట్టింటి నుంచి వచ్చిన చూపు

గుంతకల్లు నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. ఆరు పేజీల ఉత్తరంలోని ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెబుతున్నాను.

ఆమెకు 52 ఏళ్లు. భర్త రైల్వేలో పనిచేసి పదవీ విరమణ చేశారు. కొడుక్కి 23 ఏళ్లు. డిప్లొమా చదివి, రెండేళ్లు రాత్రింబవళ్లు కష్టపడి, అసిస్టెంట్ లోకో పైలట్ రాత పరీక్షలన్నీ గట్టెక్కాడు. వైద్య పరీక్షలో రంగు చుక్కల పుస్తకం తెరిచి ముందు పెట్టారు. మొదటి బొమ్మలో 12 అని చదివాడు. తర్వాతి బొమ్మలో 8 ఉంటే 3 అన్నాడు. 29ని 70 అన్నాడు. ఆపైన కొన్ని బొమ్మల్లో అంకే లేదన్నాడు. రంగుల చూపు సరిగా లేదని రాసి పంపేశారు. మూడు వారాలుగా అబ్బాయి ఎవరితోనూ మాట్లాడటం లేదు. స్నేహితుల ఫోన్లు కూడా తీయడం లేదు.

ఇది తల్లి వైపు నుంచి వస్తుందని ఎవరో కంటి డాక్టరు చెప్పిన మాట అత్తగారి చెవిన పడింది. ఆనాటి నుంచి ఇంట్లో ఒకటే మాట: "మీ పుట్టింటి దరిద్రం నా మనవడికి అంటింది." పత్తికొండలో ఉన్న అన్నయ్య కొడుక్కి తన కూతుర్ని ఇవ్వాలని ఎప్పటి నుంచో అనుకుంటున్నారు. ఆ మేనరికం చేస్తే పుట్టే బిడ్డలంతా గుడ్డివాళ్లే అవుతారని అత్తగారి వాదన. భర్త ఏమీ అనరు. బావమరిదితో మాట్లాడటం మాత్రం మానేశారు. మూడు నెలల్లో నయం చేస్తానని ఒకాయన నలభై వేలు అడుగుతున్నారు. రంగు అద్దాల లెన్సు పెట్టుకుని మళ్లీ పరీక్షకు వెళ్లమని అబ్బాయి స్నేహితుడొకడు సలహా ఇచ్చాడు.

చివరి పేజీ తన తండ్రి గురించి. ఆయన పత్తికొండ దగ్గర టమాటా రైతు. కాయను చేతిలోకి తీసుకుని, నొక్కి, వాసన చూసి గానీ పండిందో లేదో చెప్పేవారు కాదట. కోత రోజున ఏరడమంతా అమ్మే చూసుకునేది. ఈమె పెళ్లికి ఎర్ర పట్టుచీర తెస్తానని ధర్మవరం వెళ్లి, ముదురు ఆకుపచ్చ చీర తెచ్చారు. అందరూ నవ్వారు. ఆయన చాలాసేపు ఆ చీరనే చూస్తూ కూర్చున్నారు. తొమ్మిదేళ్ల క్రితం పోయారు.

"నా వల్లే నా కొడుకు జీవితం పాడయిందా? అమ్మాయి పెళ్లి ఆపేయాలా? లెన్సు పెట్టుకుని వెళితే తప్పా? మా నాన్నకు ఆ చీర ఏ రంగులో కనిపించి ఉంటుంది?" ఇవీ ఆమె ప్రశ్నలు.

*

అమ్మా,

కర్నూలులో ముప్పై ఏళ్లు పిల్లలకు జంతుశాస్త్రం పాఠాలు చెప్పాను. ప్రతి ఏడూ ఈ పాఠం బోర్డు మీద గీతలు గీసి చెప్పి, మార్కులు వేసి పంపేదాన్ని. ఆ గీతల వెనక ఇలా ఒక ఇల్లు నలిగిపోతుందని మీ ఉత్తరం చదివాక ఎక్కువగా తెలిసింది. అందుకే కొంచెం పొడవుగా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

ముందు మీ మొదటి ప్రశ్న. డాక్టరు చెప్పింది నిజమే. మీ అబ్బాయికి ఈ చూపు మీ ద్వారానే వచ్చింది, మీకు మీ నాన్నగారి నుంచి వచ్చింది. ఆ మాట విని మీరు తల దించుకోవాల్సింది మాత్రం ఏమీ లేదు. ఎందుకో చెప్పాలంటే మనుషుల కంటే చాలా వెనక్కి, కోతుల దాకా వెళ్లాలి.

మన కంటి వెనక తెర మీద రంగులు పట్టే శంకు కణాలు మూడు రకాలు. ఒక్కో రకంలో ఆప్సిన్ అనే ప్రోటీను ఒక్కో తీరులో ఉంటుంది. ఒకటి 420 నానోమీటర్ల దగ్గరి నీలి వెలుగుకు బాగా స్పందిస్తుంది. ఇంకొకటి 530 దగ్గర, మూడోది 560 దగ్గర. చివరి రెండూ ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి. ఆ చిన్న తేడాను పోల్చి చూసుకునే మన మెదడు ఆకుల మధ్య పండును, పచ్చిమిరపల్లో ఎర్రమిరపను వేరు చేస్తుంది.

కుక్కకు, ఆవుకు, గుర్రానికి ఈ తేడా తెలియదు. వాటికి రెండే రకాల శంకు కణాలు. పాలిచ్చే జంతువుల్లో ఎక్కువ భాగం అంతే. మన కోతుల వంశంలో సుమారు మూడు నాలుగు కోట్ల ఏళ్ల కిందట ఒక జన్యువు, అంటే ఆప్సిన్ ఎలా తయారవ్వాలో కణంలో ఉండే రాత, నకలు అయ్యేటప్పుడు రెండుసార్లు పడింది. ఒక ప్రతి కాలక్రమంలో కొద్దిగా మారింది. ఆ కొద్ది మార్పే మూడో రంగు కణం. యాగంటిలో, అహోబిలంలో మీ చేతిలోని అరటిపండు లాక్కుపోయే కోతికి, గోరిల్లాకు, మనకు ఉన్నది ఒకే వారసత్వం. పండు కోసమే ఈ చూపు నిలబడిందని కొందరు శాస్త్రవేత్తలు అంటారు. లేత ఆకుల కోసమని మరికొందరంటారు. మామిడి చిగురు, రావి చిగురు ఎర్రగా ఉంటాయి కదా, ముదురు ఆకుల మధ్య ఆ లేతదనాన్ని దూరం నుంచే పసిగట్టడానికి ఎరుపు తెలియాలి. నాకు రెండు వాదనలూ నచ్చుతాయి, చిగురు వాదన ఇంకొంచెం ఎక్కువ నచ్చుతుంది.

ఇక చిక్కు ఎక్కడుందంటే, ఆ రెండు జన్యువులూ ఎక్స్ క్రోమోజోము (జన్యువులు వరసగా గుచ్చిన దారం లాంటిది, ఆడవారికి రెండు, మగవారికి ఒకటే) చివర పక్కపక్కనే కూర్చున్నాయి, దాదాపు 98 శాతం ఒకేలా ఉన్నాయి. నీలి రంగు జన్యువు వేరే చోట, ఏడో క్రోమోజోము మీద ఉంది కాబట్టి దానికి ఈ బాధ లేదు. పాతకాలంలో తాటాకు మీద శతకం నకలు రాసేవారిని ఊహించుకోండి. ప్రతి పద్యం ఒకే మకుటంతో ముగుస్తుంది. రాసేవాడి కన్ను ఒక మకుటం నుంచి జారి కింది పద్యం మకుటం మీద పడుతుంది. మధ్యలో ఒక పద్యం ఎగిరిపోతుంది, లేదా సగం ఒక పద్యం, సగం ఇంకో పద్యం అతుక్కుంటాయి. తల్లి శరీరంలో అండం తయారయ్యేటప్పుడు రెండు ఎక్స్ క్రోమోజోములు ఒకదానితో ఒకటి ముక్కలు మార్చుకుంటాయి. కవలల్లాంటి ఆ జన్యువుల దగ్గర అచ్చం ఇలాంటి జారుడే జరుగుతుంది. మీ నాన్నగారి వంశంలో ఎప్పుడో, ఏ ముత్తవ్వ కడుపులోనో అది జరిగింది. ఆమెకే తెలియదు. మూడో రంగును మన జాతికి ఇచ్చింది నకలులో జరిగిన పొరపాటే, మీ అబ్బాయి దగ్గర తీసుకున్నదీ అలాంటి పొరపాటే.

ఇది ఎంత మామూలు సంగతో తెలియాలంటే ఉత్తర ఐరోపా మగవాళ్లను చూడండి, నూటికి సుమారు ఎనిమిది మందికి ఎరుపు, ఆకుపచ్చల చూపు తక్కువ. ఆడవాళ్లలో రెండు వందల మందికి ఒకరు. పరమాణు సిద్ధాంతం చెప్పిన జాన్ డాల్టన్ తన కళ్లు ఇలాంటివని 1794లో తానే సభలో చదివి వినిపించారు. కంట్లోని ద్రవం నీలంగా ఉండటం వల్ల ఇలా అవుతోందని ఆయన అనుమానం. పోయాక కళ్లు తీసి చూడమన్నారు. 1844లో తీసి చూస్తే ద్రవం తేటగా ఉంది. ఆ కళ్లలో మిగిలిన ముక్కను దాచిపెట్టారు. 1995లో దానిలోని జన్యువులు చదివితే, ఆకుపచ్చ వైపు శంకు కణాల జన్యువు లేదని తేలింది. నూటయాభై ఏళ్లు దాటాక దొరికింది ఆయన ప్రశ్నకు జవాబు.

ఇప్పుడు అత్తగారి సంగతి. ఆమెతో వాదించవద్దు గానీ, ఒక లెక్క మాత్రం మీ వారికైనా, ఆమెకైనా నెమ్మదిగా చెప్పండి. మగబిడ్డకు తండ్రి నుంచి వచ్చేది వై క్రోమోజోము. ఎక్స్ తల్లి నుంచే వస్తుంది. అందువల్ల మీ అబ్బాయి విషయంలో మీ వారికి పాత్ర లేదు, ఘనత కూడా లేదు. ఇక మీ అమ్మాయి ఉంది. ఆమెకున్న రెండు ఎక్స్‌లలో ఒకటి మీది, రెండోది మీ వారిది. మీ వారికి అది ఎక్కడి నుంచి వచ్చింది? వాళ్లమ్మ నుంచి. మీ నాన్నగారి జన్యువు మీ అమ్మాయిలోకి వచ్చి ఉన్నా ఆమె రంగులు చక్కగా చూస్తోందంటే, అది అవ్వ ఇచ్చిన ఎక్స్ కాపాడుతున్నందువల్లే. ఈ మాట అత్తగారికి నచ్చుతుందని నా నమ్మకం. మీ రెండు ఇళ్లూ ఆ పిల్లలో కలిసే ఉన్నాయి.

మీ సంగతి కూడా చెప్పనివ్వండి. ఆడవారి ప్రతి కణంలోనూ రెండు ఎక్స్‌లలో ఒకటే పనిచేస్తుంది, రెండోది నిద్రపోతుంది. ఏది నిద్రపోవాలన్నది కణం కణానికీ వేరు. మేరీ లయన్ అనే శాస్త్రవేత్త 1961లో ఎలుకలను చూసి ఈ సంగతి చెప్పారు. మీ కంటి తెర మీద కొన్ని చోట్ల మీ నాన్నగారి ఎక్స్, కొన్ని చోట్ల మీ అమ్మగారి ఎక్స్ పనిచేస్తున్నాయి. దక్షిణ అమెరికా అడవుల్లో చాలా జాతుల కోతులకు ఎక్స్ మీద ఈ జన్యువు ఒకటే ఉంటుంది, దానికి రెండు మూడు రూపాలుంటాయి. మగ కోతికి ఒకటే ఎక్స్ కాబట్టి ఎప్పుడూ రెండు రంగుల చూపే. ఆడ కోతికి రెండు ఎక్స్‌ల మీద రెండు వేరు రూపాలు పడితే, మీ కంట్లో ఉన్న ఈ గళ్ల అల్లిక వల్లనే మూడు రంగుల చూపు దక్కుతుంది. ఒకే మందలో తల్లి ఎరుపు చూస్తుంది, పక్కనే ఉన్న కొడుకు చూడడు. తరతరాలుగా ఆ మందలు అలాగే బతుకుతున్నాయి.

పైగా ఆ కొడుకులు ఎందుకూ పనికిరానివారేమీ కాదు. కోస్టారికాలో కాపుచిన్ కోతులను చెట్ల కింద నిలబడి ఏళ్ల తరబడి గమనించినవాళ్లు ఒక సంగతి కనిపెట్టారు. ఆకు రంగులో, బెరడు రంగులో కలిసిపోయి దాక్కునే పురుగులను పట్టడంలో రెండు రంగుల కోతులే ముందున్నాయి. రంగు అడ్డు రాదు కాబట్టి ఆకారం, గరుకుదనం వాటికి తొందరగా తెలుస్తాయి. పండ్లు ఏరి తినడంలో మాత్రం మూడు రంగులవే చురుకు. మీ నాన్నగారు టమాటాను నొక్కి, వాసన చూసి చెప్పింది గుర్తుందా? రంగు చెప్పని సంగతిని వేళ్లను, ముక్కును అడిగి తెలుసుకున్నారు. పండిన కాయ విషయంలో ఆయన చెప్పింది తప్పయినట్లు మీరు ఎక్కడా రాయలేదు.

ఇక అబ్బాయి ఉద్యోగం. ఇక్కడ నేను మెత్తగా మాట్లాడలేను.

లెన్సు పెట్టుకుని వెళ్లడమనే దారి ఉంది. రంగు లెన్సు మూడో రకం శంకు కణాన్ని ఇవ్వదు. కొన్ని రంగుల వెలుగును తగ్గించి, రెండింటి మధ్య తేడాను పెంచుతుంది, అంతే. పుస్తకంలో అంకె కనిపించవచ్చు. చీకట్లో, వానలో, దూరంగా ఒంటరిగా వెలిగే దీపం దగ్గర అదే లెన్సు వెలుగును ఇంకా మింగేస్తుంది. పట్టుబడితే ఈ ఉద్యోగమే కాదు, మిగతా దారులూ మూసుకుపోతాయి. లోకో పైలట్లకు మధ్య మధ్య మళ్లీ పరీక్షలు ఉంటాయని మీ వారికి నాకంటే బాగా తెలుసు. పట్టుబడకపోతే వచ్చే ఫలితం అంతకంటే ఘోరం. 1875లో స్వీడన్‌లో లాగర్లుండా దగ్గర రెండు రైళ్లు ఢీకొని తొమ్మిది మంది చనిపోయారు. సిగ్నల్ రంగు పోల్చుకోలేకపోవడమే కారణం కావచ్చని హోల్మ్‌గ్రెన్ అనే వైద్యుడు అనుమానించి, రంగు ఉన్ని పోగులు ఇచ్చి రైల్వే సిబ్బందిని పరీక్షించడం మొదలుపెట్టారు. మీ అబ్బాయి ముందు పెట్టిన చుక్కల బొమ్మలు జపాన్ వైద్యుడు ఇషిహారా 1917లో ప్రచురించిన పద్ధతి. ఆ పరీక్ష మీ అబ్బాయిని అవమానించడానికి పెట్టింది కాదు, వెనక పెట్టెల్లో నిద్రపోతున్న వాళ్ల కోసం పెట్టింది. ముప్పై ఏళ్లు పట్టాల మీద బతికిన మీ వారు ఈ మాట ఒప్పుకుంటారనుకుంటాను. అబ్బాయికి ఆయన నోటి నుంచే చెప్పిస్తే ఇంకా మంచిది.

నలభై వేల వైద్యం గురించి ఒక్క మాట: పుట్టుకతో వచ్చిన ఈ లోటుకు ఈ రోజు మందు లేదు, కంటి కసరత్తు లేదు. 2009లో అమెరికాలో రెండు రంగుల చూపున్న మగ స్క్విరల్ కోతులకు మనిషి ఆప్సిన్ జన్యువును కంట్లోకి ఎక్కించారు. పెద్దవయసులోనే వాటికి ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలిసింది. వాటిలో ఒకదానికి డాల్టన్ అనే పేరే పెట్టారు. ఆ ఆశ నిజమైనది. అది ఇంకా ప్రయోగశాలలోనే ఉంది, సంచిలో సీసాలతో మీ ఇంటికి వచ్చిన ఆయన దగ్గర లేదు. ఆ డబ్బు ఇవ్వకండి.

మిగిలిన దారుల్లో మొదటిది అప్పీలు. పరీక్ష హడావిడిగా జరిగిందని, వెలుతురు బాగా లేదని అబ్బాయికి నిజంగా అనిపిస్తే, చీటీలో రాసిన గడువు లోపల మళ్లీ పరీక్ష కోరవచ్చు. ముందుగా మంచి కంటి డాక్టరు దగ్గర పూర్తి పరీక్ష చేయించండి. చుక్కల పుస్తకం లోటు ఉందని చెబుతుంది, ఎంత ఉందో అంత ఖచ్చితంగా చెప్పదు. జన్యువు పూర్తిగా పోయిందా, అతుకుల జన్యువు ఉండి కొంత తేడా తెలుస్తోందా అన్నది వేరే పరికరంతో తేలుతుంది. మీరు రాసిన తప్పులను బట్టి చూస్తే అప్పీలు వల్ల ఫలితం మారుతుందని నేను ఆశ పెట్టలేను. మళ్లీ కాదంటే అబ్బాయి రెండోసారి కుంగిపోతాడు. అది తట్టుకోగలడో లేదో మీరే చూసి నిర్ణయించుకోండి.

రెండోది రైల్వేలోనే వేరే పని. లోకో పైలట్ ఉద్యోగానికి, స్టేషన్ మాస్టరు ఉద్యోగానికి రంగుల చూపు తప్పనిసరి. ఆఫీసు గుమాస్తా పనుల్లాంటి వాటికి సి తరగతి వైద్య పరీక్ష ఉంటుంది, అందులో రంగుల పరీక్ష లేదు. నోటిఫికేషన్‌లో ఉద్యోగం పేరు పక్కన వైద్య తరగతి రాసి ఉంటుంది, దరఖాస్తుకు ముందే అది చూసుకోమనండి. రెండేళ్ల చదువు అక్కడ పనికొస్తుంది. జీతం, హోదా వేరుగా ఉంటాయి, ఇంజన్ మీద ఎక్కాలన్న కోరిక అక్కడ తీరదు. రోజూ రైలు కూత వింటూ ఆ పని చేయగలడా అని అతన్నే అడగండి.

మూడోది రైల్వే బయట. చాలా తలుపులు ఈమధ్యే తెరుచుకున్నాయి. ఈ చూపు ఉన్నవాళ్లను వైద్య విద్యకు రానివ్వకపోవడం తగదని 2017లో త్రిపుర విద్యార్థుల కేసులో సుప్రీంకోర్టు పట్టించుకుంది. తమిళనాడు విద్యుత్ సంస్థ ఇదే కారణంగా వద్దన్న ఒక ఇంజనీరును సహాయ ఇంజనీరుగా తీసుకోమని 2023లో అదే కోర్టు చెప్పింది. లోటు తక్కువగా, మధ్యస్థంగా ఉన్నవాళ్లు డ్రైవింగ్ లైసెన్సు పొందేలా 2020లో కేంద్రం నిబంధన మార్చింది. మీ అబ్బాయిది డిప్లొమా కాబట్టి ఆ విద్యుత్ కేసు సంగతి అతనికి చెప్పండి.

ఇవేవీ ఈ వారమే తేల్చాల్సినవి కావు, అప్పీలు గడువు ఒక్కటి తప్ప. అతను పోగొట్టుకున్నది రెండేళ్ల కల. దానికి కొన్నాళ్లు ఏడవనివ్వండి. తిండి మానేసినా, బతకడం ఎందుకన్న మాట నోట వచ్చినా మాత్రం ఒక్క రోజు కూడా ఆగకుండా మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి.

అమ్మాయి పెళ్లి విషయం మీరు అనుకున్నంత చిక్కుగా లేదు. మీ నాన్నగారు మీ అన్నయ్యకు ఇచ్చింది వై క్రోమోజోము. ఈ జన్యువు ఉన్న ఎక్స్ మీ అన్నయ్యకు రాలేదు. మీ అన్నయ్య తన కొడుక్కి ఇచ్చిందీ వై మాత్రమే. మీ మేనల్లుడి ఎక్స్ మీ వదిన నుంచి వచ్చింది. ఆమె ఆదోని అమ్మాయని, పాత చుట్టరికం లేదని రాశారు. కాబట్టి ఈ లోటు మేనరికం వల్ల పెరగదు. అమ్మాయికి ఈ జన్యువు వచ్చి ఉండే అవకాశం సగం. వచ్చి ఉంటే, ఆమెకు పుట్టే ఒక్కో కొడుక్కీ సగం అవకాశం. భర్త చూపు మామూలుదైతే కూతుళ్లకు ఈ లోటు రాదు. ఆమె పత్తికొండ వెళ్లినా, కడప వెళ్లినా ఈ లెక్క మారదు. గుడ్డితనం అన్న మాటకు దీనితో సంబంధమే లేదు.

మేనరికం గురించి నా అభిప్రాయం మాత్రం దాచను. అన్నాచెల్లెళ్ల బిడ్డలకు జన్యువుల్లో దాదాపు ఎనిమిదో వంతు ఉమ్మడిగా ఉంటుంది. పుట్టు చెవుడు, కొన్ని రక్త వ్యాధుల వంటివి అలాంటి పెళ్లిళ్లలో ఎక్కువగా బయటపడతాయి. రెండు ఇళ్లలో అలాంటి బిడ్డలు ఎవరైనా పుట్టారేమో అడిగి తెలుసుకుని, జన్యు సలహా ఇచ్చే డాక్టరును కలవండి. ఆపాల్సి వస్తే ఆ కారణంతో ఆపండి, మీ నాన్నగారి కళ్ల కారణంతో వద్దు. అన్నయ్యకు విషయం చెప్పకుండా కూడా పెళ్లి చేయవచ్చు. ఆయన ఆ తండ్రి కొడుకే, టమాటాల సంగతి ఆయనకూ తెలుసు. రేపు మనవడు పుట్టి బొమ్మల పుస్తకంలో 8ని 3 అన్న రోజున, మీరు దాచారన్న మాట మాత్రం మిగిలిపోతుంది. చెబితే నాలుగు రోజులు గుసగుసలు ఉంటాయి. ఎంచుకోవాల్సింది మీరే.

ఆరు పేజీల్లో ఒక్క చోట కూడా అమ్మాయి ఏమనుకుంటోందో రాయలేదు. బావను చేసుకోవడం ఆమెకు ఇష్టమేనా? ముందు ఆ మాట అడగండి, తర్వాతే మిగతావన్నీ.

ఇక చీర. మీ నాన్నగారికి ముదురు ఎరుపు, ముదురు ఆకుపచ్చ రెండూ మట్టి రంగుకో, మాగిన పసుపుకో దగ్గరగా, ఇంచుమించు ఒకేలా కనిపించి ఉంటాయి. అంగట్లో ఆయన జరీ చూసి, పట్టు నాణ్యం వేళ్లతో తడిమి ఎంచి ఉంటారు. ఎర్రదే తెచ్చానని ఆయన పూర్తిగా నమ్మారు. అందరూ నవ్వినప్పుడు అంతసేపు దాన్ని చూస్తూ కూర్చున్నది, మీకందరికీ కనిపిస్తున్నదేదో తనకూ కనిపిస్తుందేమోనని వెతుకుతూ కావచ్చు.

ఆ చీర ఇంకా బీరువాలో ఉందని రాశారు. మీ అబ్బాయిలో ఉన్నది తాతగారి ఎక్స్ మీది ఆ జన్యువే. ఇద్దరి కళ్లూ ఆ చీరను ఇంచుమించు ఒకేలా చూస్తాయి. ఒక సాయంత్రం చీర బయటకు తీసి అతని పక్కన కూర్చోండి. తాత అంగడికి వెళ్లి తెచ్చిన కథ చెప్పి, ఇది ఏ రంగురా అని అడగండి.